కొండ నీళ్లకు గాలంతో వెళ్లే ముందు

వినాయక చవితి దాటి రెండు వానలు పడగానే మన నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు, అనంతసాగరం వైపు గాలాల మాట మొదలవుతుంది. సోమశిల జలాశయం నిండుతోందట, వెలిగొండల కింద వాగులు పారుతున్నాయట, కొత్త నీటికి చేప ఎదురెక్కుతోందట అని ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. నేనూ ఏళ్లుగా అలా వెళ్తున్నవాడినే కాబట్టి ఎవరినీ వద్దనను. కానీ ఈ మధ్య మన ప్రాంతం గురించి ఏమీ తెలియకుండా, రాడ్డు, రీలు కొనుక్కుని నేరుగా కొండల్లోకి నడిచిపోతున్న పిల్లల్ని చూస్తుంటే భయమేస్తోంది.

అన్నిటికన్నా ముందు వాగు సంగతి తెలుసుకోవాలి.

మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. గాలానికి మంచి రోజులూ అవే. వెలిగొండలు రాతి కొండలు. పైన పడిన వాన ఇంకే చోటు తక్కువ, అంతా వాగుల్లోకే జారుతుంది. మన నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది, వాగు మాత్రం వచ్చేస్తుంది. కొన్నేళ్ల కిందట మా బావా నేనూ పొద్దున్నే చీలమండ తడిసేంత నీళ్లున్న వాగు దాటి అవతలి మడుగుకు బయల్దేరాం. దారిలో గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన ఆగి, "అబ్బయ్యా, కొండ మీద మబ్బు దిగింది, అవతలికి పోబాకండి" అన్నాడు. మా పైన ఆకాశం తేటగా ఉంది. పోయాం. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చేసరికి అదే వాగు ఎర్రగా, కొమ్మలూ రెమ్మలూ మోసుకుంటూ నడుము లోతున పోతోంది. బావకు ఈత బాగా వచ్చు. "తాడు పట్టుకుని దాటేద్దాం" అన్నాడు. నేను చెయ్యి వదల్లేదు. రాత్రంతా ఒక బండ మీద కూర్చున్నాం. తెల్లారేసరికి వాగు మోకాలి కిందికి తగ్గింది. ఇంట్లో మా అక్క ఆ రాత్రి పడిన టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కొండ వాగు ఎంత తొందరగా వస్తుందో, వాన ఆగితే అంత తొందరగానే తీస్తుంది. అందుకే ఇరుక్కుంటే గట్టున ఎత్తైన చోట కూర్చుని ఓపిక పట్టడమే పని. ఉరవడి ఉంటే మోకాలి లోతు నీళ్లు కూడా మనిషిని పడేస్తాయి. అక్కడ ఈత పనికిరాదు, పడ్డవాడు రాళ్లకు కొట్టుకుంటాడు. నీటి రంగు మారినా, నురగ, ఎండుటాకులు కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు వినిపించినా గాలం సంగతి వదిలేసి ఎత్తుకు ఎక్కండి. అసలు నేనిప్పుడు పాటించేది ఒకటే. బండి పెట్టిన చోటుకూ నేను కూర్చునే చోటుకూ మధ్య వాగు ఉండకూడదు. అవతలి గట్టున ఎంత మంచి మడుగున్నా సరే.

నదికీ ఇదే లెక్క. 2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు పెన్నలో కలిసి సోమశిలకు చేరాయి. గేట్లెత్తాక దిగువన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర జాతీయ రహదారి దెబ్బతింది. కాబట్టి మన ఊళ్లో వాన లేదని ధీమా వద్దు, కడప వైపు వాతావరణం కూడా చూసుకోండి. డ్యాము దిగువన పెన్నలో గాలం వేసేవాళ్లు సైరన్ వినగానే సామాను ఉన్నది ఉన్నట్టు వదిలి గట్టెక్కాలి.

ఇక నీళ్లలోకి దిగడం గురించి. ఫోన్లలో కశ్మీరు, హిమాచల్ ట్రౌట్ వీడియోలు చూసి మనవాళ్లూ నడుము లోతుకు దిగి గాలం విసురుతున్నారు. ట్రౌట్ చన్నీళ్ల చేప. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది. అది ఉండే తేట వాగుల్లో అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి, కాలు ఎక్కడ పెడుతున్నామో తెలుస్తుంది. సోమశిల వెనక జలాలు అలాంటివి కావు. 78 టీఎంసీలు పట్టే ఈ జలాశయంలో కడప వైపు ఎన్నో ఊళ్లు మునిగాయి. బావులు, చెట్ల మొద్దులు, కంచె తీగలు ఎక్కడున్నాయో పైనుంచి తెలియదు. అంచున ఒండ్రు ఎండినట్టే కనిపిస్తుంది, అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. అలా దిగబడితే గుంజుకోకండి, వెనక్కి వాలి ఒంటి బరువంతా బురద మీద పరిచి కాళ్లు ఒక్కొక్కటే మెల్లగా తీయండి. కొరమీను ఎలాగూ ఒడ్డు పక్క తుంగలో, గడ్డిలోనే ఉంటుంది. దాని కోసం లోతుకు వెళ్లే అవసరమే లేదు. మూత బిగించిన ఖాళీ క్యానుకు పొడవైన తాడు కట్టి దగ్గర పెట్టుకోండి. ఎవరైనా జారిపడితే మీరు దూకకుండా అది విసరండి.

జెల్ల చేపను గాలం నుంచి తీసేటప్పుడు తొందరపడకండి. రెక్కల దగ్గరా వీపు మీదా ఉండే ముళ్లు చర్రున దిగుతాయి. ఇంగిలాయి చేప ముల్లయితే విషం కూడా ఉంటుంది, చెయ్యంతా సలుపుతుంది. గాయం కడిగి, ఒళ్లు కాలనంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఉంచితే నొప్పి చాలా వరకు తగ్గుతుంది. ముల్లు ముక్క లోపల విరిగిందనిపిస్తే డాక్టరు దగ్గరికే వెళ్లాలి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి.

ఉరుము వినబడితే రాడ్డు కింద పెట్టేయండి. ఇప్పుడొచ్చే కార్బన్ రాడ్లలో కరెంటు పారుతుంది. తాటిచెట్టు కింద అసలు నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా నీటి ఒడ్డుకు రాకండి. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఫోన్లో ఉంటే మంచిదే, కానీ కొండ మలుపు తిరగ్గానే సిగ్నల్ పోతుంది.

అడవి గురించి ఒక మాట. ఇవి ఎర్రచందనం కొండలు. చీకట్లో టార్చి వేసుకుని తిరిగితే ఫారెస్టువాళ్లు మిమ్మల్ని చేపలవాళ్లని అనుకోరు, వాళ్ల తప్పూ లేదు. అభయారణ్యం హద్దుల్లో చేపలు పట్టడం నేరం కూడా. జలాశయంలో పట్టే హక్కు లైసెన్సున్న మత్స్యకారులది కాబట్టి ముందు వాళ్లనూ, మత్స్యశాఖవాళ్లనూ అడగండి. వాళ్ల వలల దగ్గర గాలం విసరొద్దు, అది వాళ్ల తిండి. ఉదయగిరి, సీతారామపురం వైపు ఎలుగుబంట్లున్నాయి. పొదల మధ్య నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవండి, అలికిడి లేకుండా ఎదురుపడితే అది మీద పడే ప్రమాదం ఎక్కువ.

బూట్లు వేసుకోండి, చెప్పులతో వద్దు. రక్తపింజరి గడ్డిలో, రాళ్ల సందుల్లో కదలకుండా పడి ఉంటుంది. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం ఏదీ చేయొద్దు. కరిచిన కాలు కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకురావాలి. అందుకే ఇద్దరు కాదు, కనీసం ముగ్గురుండాలి. విరుగుడు ఇంజెక్షన్ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సిగ్నల్ దొరికే చోటు ఏదో వెళ్లేటప్పుడే గుర్తు పెట్టుకుంటే 108కి అక్కడి నుంచి చేయొచ్చు.

మధ్యాహ్నం రెండింటికల్లా గాలాలు చుట్టేయండి. ఏ గట్టుకు పోతున్నారో, బండి ఎక్కడ పెడతారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. సాయంత్రం ఆరింటికి ఫోన్ రాకపోతే ఊళ్లో ఎవరికి చెప్పాలో కూడా దాని మీదే రాయండి. మా అక్క ఇప్పుడు ఆ కాగితం చేతికిస్తే గానీ బావను గడప దాటనివ్వదు.