పుల్ కంటే ముందు ఫెచ్

కొత్తలో ఆఫీసుకు రాగానే కళ్ళు మూసుకుని 'గిట్ పుల్' కొట్టేవాణ్ణి. గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం; పుల్ అంటే సర్వర్‌లోని కొత్త మార్పులను తెచ్చి మన కోడ్‌లో కలిపే కమాండ్. ఒక శుక్రవారం సాయంత్రం, ఇంటికి బయల్దేరే ముందు అలాగే కొడితే, నా అరకొర కమిట్ల (గిట్‌లో భద్రపరచిన మార్పుల) మీద పదకొండు ఫైళ్ళలో కాన్‌ఫ్లిక్టులు (ఒకే చోట రెండు మార్పులు ఢీకొనడం) వచ్చి పడ్డాయి. అప్పటినుంచి పుల్‌ను రెండు ముక్కలు చేసుకున్నాను. నిజానికి అది రెండు పనులే: ఫెచ్ (తెచ్చుకోవడం), ఆపైన మెర్జ్ (కలపడం).

ముందు 'గిట్ ఫెచ్ ఆరిజిన్' (ఆరిజిన్ అంటే సర్వర్ కాపీకి గిట్‌లో మామూలుగా ఉండే పేరు). ఇది సర్వర్‌లోని కొత్త కమిట్లను తెచ్చి, 'ఆరిజిన్/మెయిన్' (సర్వర్‌లోని ముఖ్య బ్రాంచి మెయిన్ ఎక్కడిదాకా వచ్చిందో చూపేది; బ్రాంచి అంటే కమిట్ల వరుస) లాంటి గుర్తులను మాత్రమే ముందుకు జరుపుతుంది. మీ ఫైళ్ళనూ, మీ సొంత బ్రాంచినీ ముట్టుకోదు. అందుకే పని మధ్యలోనైనా టెన్షన్ లేకుండా కొట్టొచ్చు.

తర్వాత 'గిట్ లాగ్ మెయిన్..ఆరిజిన్/మెయిన్'. అక్కడ ఉండి మన దగ్గర లేని కమిట్లు కనిపిస్తాయి (మధ్యలో చుక్కలు రెండే, మూడు కాదు). టీ తాగుతూ చదువుతాను. అన్నీ బాగుంటే మెయిన్‌లోకి వెళ్ళి 'గిట్ మెర్జ్ --ఎఫ్ఎఫ్-ఓన్లీ ఆరిజిన్/మెయిన్'. మన మెయిన్, సర్వర్ మెయిన్ చెరో కొత్త కమిట్లతో విడిపోయి ఉంటే ఇది మొండికేసి ఆగిపోతుంది. నాకు కావలసింది ఆ మొండితనమే. అప్పుడు రీబేసా (నా కమిట్లను సర్వర్‌వాటి పైన మళ్ళీ పేర్చడం), మామూలు మెర్జా అన్నది నేనే తేల్చుకుంటాను.

వేరే బ్రాంచిలో ఉన్నారా? మీ మెయిన్‌ను తాజా చేయడానికి 'గిట్ ఫెచ్ ఆరిజిన్ మెయిన్:మెయిన్' చాలు, మెయిన్‌కు మారక్కర్లేదు.

సర్వర్‌లో తీసేసిన బ్రాంచీల గుర్తులను 'గిట్ ఫెచ్ --ప్రూన్' ఊడ్చేస్తుంది. మీ లోకల్ బ్రాంచీలు మాత్రం అలాగే ఉంటాయి. 'గిట్ బ్రాంచ్ -వీవీ'లో 'గాన్' (పోయింది) అని కనిపించినవాటిని ఒక్కొక్కటే చూసుకుని మీరే తీసేయాలి.