యుద్ధవీరుల పేర్లు పెట్టాలనుకుంటే

పిల్లలకు వీరుల పేర్లు, పెంపుడు జంతువులకు వీరుల గుర్రాల పేర్లు: ఇదే నా సలహా. కుక్కకు రుద్రమ అనో, ప్రతాప్ అనో పేరు పెట్టి వీధిలో అరిస్తే ఎవరో ఒకరు నొచ్చుకోక మానరు. చరిత్రలో జంతువులకేం కొదవ? హల్దీఘాటీ అనగానే రాణా ప్రతాప్ గుర్రం చేతక్ గుర్తొస్తుంది. నెపోలియన్ గుర్రం మారెంగో. నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధంలో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ ఎక్కిన గుర్రం కోపెన్‌హాగన్, కానీ రోజుకు పదిసార్లు అంత పేరు ఎవరు పిలుస్తారు! పల్నాటి కోడిపందెంలో బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు నాకు అన్నిటికంటే ముద్దు. అయితే కుక్కను ‘సిట్’ అని కూర్చోబెట్టడం నేర్పుతుంటే ‘చిట్టీ’ అని పిలవకండి, పాపం తికమకపడుతుంది. ‘మల్లూ’ అనండి.

పాపాయి పేరుకు మాత్రం తొందరపడకండి. యుద్ధంలో గెలిచారా అన్నదొక్కటే కాదు, ఆ తర్వాత ఓడినవారిని ఏం చేశారో కూడా చదవండి. రేపు పిల్లలే అడుగుతారు. మనిషి పేరు వద్దనుకుంటే విక్రాంత్ ఉంది: 1961లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌకది, 2022లో చేరిన కొత్తదానిదీ అదే పేరు.

పేరు లేకుండా జననం నమోదు చేయించినా, నమోదైన 12 నెలల్లోపు జనన రిజిస్టరులో పేరును రుసుము లేకుండా చేర్పించవచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగు ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే వెళ్లండి.