దాళ్వా (రబీ) వరికి తడి-పొడి: గొట్టం చూసి నీరు పెట్టండి

నిలువ నీటి కింద మట్టికి గాలాడదు. ఆ బురదలో బతికే సూక్ష్మజీవులే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును పుట్టిస్తాయి. తడి-పొడి పద్ధతిలో మధ్యమధ్యలో మడిని ఆరనిస్తే ఆ మీథేన్ దాదాపు సగానికి పడిపోతుంది.

మట్టిలో నీరు ఎంత లోతుకు దిగిందో చూడడానికి 10–15 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవున్న పీవీసీ గొట్టం ముక్క చాలు. కింది 20 సెం.మీ. చుట్టూ చిల్లులు వేసి, అంతవరకూ మట్టిలోకి దించండి. లోపలి బురదను చేత్తో తోడెయ్యాలి. ఇది మరిచిపోయి, నీరు కనబడలేదని కంగారుపడేవాళ్లే ఎక్కువ. గట్టు పక్కన మాత్రం పాతొద్దు, ఊట నీరు మోసం చేస్తుంది.

నాటిన రెండు వారాలకు మొదలుపెట్టండి. కలుపు ఎక్కువగా ఉంటే ఇంకో రెండు మూడు వారాలు ఆగాలి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెం.మీ. దిగాక, మడిలో 5 సెం.మీ. పెట్టండి. కాలువ నీటి వంతు రావడానికి ఇంకా రోజులుంటే 10 సెం.మీ. దిగగానే పెట్టేయడం మేలు. పూతకు వారం ముందు, వారం తర్వాత అసలు ఆరనివ్వొద్దు, తాలు పడుతుంది. యూరియా చల్లిన వెంటనే నీరు పెట్టండి.

అంతర్వేది వైపు చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు. మడి ఆరితే ఉప్పు పైకి తేలి దుబ్బులు మాడతాయి.