కార్తీకంలో భీమిలి నడకలకు బయల్దేరే ముందు

కార్తీకం వచ్చిందంటే విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డంతా కార్లు, ఆటోలు, వనభోజనాల బస్సులే. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కాసేపు అలల దగ్గర నిలబడి వెళ్ళిపోతారు. కొందరు మాత్రం నడవడానికే వస్తారు. డచ్చివాళ్ళ సమాధులు చూసి, లైట్‌హౌస్ మీదుగా గోస్తని సముద్రంలో కలిసే చోటు దాకా ఒక నడక. పావురాలకొండ మీదికి ఒకటి. ఓపికుంటే ఇంకో రోజు ఎర్రమట్టి దిబ్బలు. 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత ఊరు ఇది. కాళ్ళతో తిరిగితేనే ఈ ఊరు తెలుస్తుందని నా నమ్మకం. అయితే అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇక్కడి సముద్రం, నది, కొండ వేసవిలో చూసినట్టు ఉండవు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు వాతావరణం సంగతి. బంగాళాఖాతంలో ఇది తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గరే తీరం దాటింది. ఈ రోజుల్లో పేపర్లో 'రేవుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వస్తుంటుంది, మనం చదివి పేజీ తిప్పేస్తాం. ఆ నంబర్లకు అర్థం ఉంది. ఒకటి అంటే ఎక్కడో దూరంగా సముద్రంలో వాయుగుండం లాంటిది ఉంది, రేవుకు ఇప్పటికిప్పుడు ముప్పు లేదు. రెండు అంటే దూరంగా తుపానే ఏర్పడింది. మూడు పడిందంటే ఈదురుగాలులు మన రేవు దాకా రావచ్చు. ఐదు నుంచి పైకి వెళ్ళేకొద్దీ ప్రమాదం మన మీదికే వస్తున్నట్టు. ఒకటి, రెండు ఉంటే ఒడ్డున నడుస్తాను, నీళ్ళలో దిగను. మూడు పడితే ఇల్లు కదలను. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలల గురించి విడిగా హెచ్చరికలు ఇస్తుంది, అవి కూడా చూసుకోండి. ఇక్కడ ఎండ కాస్తూ గాలి ఆడకపోయినా, వందల కిలోమీటర్ల అవతల పుట్టిన అలలు మన ఒడ్డుకు వచ్చి కొట్టగలవు.

సముద్ర స్నానం చేసేవాళ్ళకు ఒక మాట. కార్తీక పున్నమి నాడు పుణ్యం కోసం అందరూ ఒకేసారి దిగుతారు. పున్నమికి, అమావాస్యకి పోటు ఎక్కువగా ఉంటుంది, ఆటుకి నీరు బాగా వెనక్కి పోతుంది. అంటే జనం ఎక్కువ దిగే రోజే నీటి కదలిక కూడా ఎక్కువ. దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. నురగ అటు నుంచి లోపలికి కొట్టుకుపోతుంటుంది. అలలు లేవు కదా, పిల్లలకు ఇదే మంచి చోటని చాలామంది అక్కడే దింపుతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరితే అవే మిమ్మల్ని ఒడ్డుకు తెస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి కేకేయండి. కాపాడాలని ఒకరి తర్వాత ఒకరు దూకొద్దు. తాడో, ఖాళీ నీళ్ళ డబ్బానో విసరండి. మోకాళ్ళు దాటి లోపలికి వెళ్ళకుండా చెంబుతో నీళ్ళు పోసుకున్నా స్నానం స్నానమే.

నాకు అన్నిటికన్నా భయం గోస్తని సంగమం దగ్గరే. చూడ్డానికి అంత అందమైన చోటు ఇంకోటి లేదు. ఒక పక్క నది, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇసక తిన్నె. కొన్నేళ్ళ కిందట మా బావమరిది కొడుకుని తీసుకుని ఆ తిన్నె మీదికి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. ఫొటోలు తీసుకుని ముప్పావు గంట తర్వాత వెనక్కి తిరిగితే అదే చోట నడుము దాకా వచ్చాయి. అడుగు వేస్తే మడమ కింద ఇసక జారిపోతోంది, నిలబడితే పాదం చుట్టూ గుంట పడుతోంది. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన అవతల నుంచి అరిచాడు: "బాబూ, అటు కాదు! ఇటెంపు రండి, ఇక్కడ నేల గట్టిగుంది!" ఆయన చెయ్యి చూపించిన వైపు పిల్లాణ్ణి భుజానికెత్తుకుని నడిచాను. ఆ పెద్దాయన లేకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడ వస్తుంది.

తర్వాత తెలుసుకున్నది చెప్తాను. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి జలాశయం మీదుగా ఇక్కడికి వస్తుంది. భీమిలిలో చినుకు పడకపోయినా, పైన వానలు పడి తాటిపూడి గేట్లు ఎత్తితే ఇక్కడ నది పెరుగుతుంది. దానికి సముద్రపు పోటు తోడైతే తిన్నె ఏ గంటకి ఎక్కడుంటుందో చెప్పలేం. నిరుడు నడిచిన దారి ఈ ఏడు ఉండదు. సంగమాన్ని ఒడ్డు మీద నుంచే చూడండి.

పావురాలకొండ మీద పాత బౌద్ధ ఆరామం ఆనవాళ్ళు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. వానలకు ఆ తొట్లు నిండి పాచి పడతాయి, అంచుల దగ్గర కాలు జారుతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు. కొండ మీద అసలు ముప్పు పిడుగు. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరుము వినిపిస్తే వెంటనే దిగడం మొదలుపెట్టండి. అర్జునా, ఫల్గుణా అని తలుచుకోండి, కానీ చెట్టు కింద మాత్రం నిలబడొద్దు. ఫోన్‌లో దామిని యాప్ ఉంటే పిడుగుల సమాచారం ముందే తెలుస్తుంది.

ఎర్రమట్టి దిబ్బలు భీమిలికి కాస్త ఇవతల, బీచ్ రోడ్డు పక్కనే ఉంటాయి. యునెస్కో తాత్కాలిక జాబితాలో 2025లో చేరాయి. వేల ఏళ్ళ నాటి ఇసక అది, కానీ ఇంకా రాయి కాలేదు. వాన నీరు కోసిన గెడ్డల్లో మనం నడుస్తుంటే రెండు పక్కలా గోడల్లా నిలబడతాయి. వాన పడ్డాక ఆ గోడల్ని దగ్గరగా చూడండి. పైన అంచు మీద సన్నటి బీట, గాలిలో వేలాడే వేళ్ళు, అడుగున అప్పుడే జారిన తడి ఎర్ర ఇసక కుప్ప. ఇవి కనిపిస్తే ఆ గోడకి ఆనుకోవద్దు, దాని కింద కూర్చుని టిఫిన్ తినొద్దు, అంచు మీద నిలబడి సెల్ఫీ తీసుకోవద్దు. గెడ్డలో ఉండగా చినుకు మొదలైతే వచ్చిన దారినే బయటికి రండి, ఎందుకంటే నీళ్ళు పారే దారీ అదే. లోపల మలుపులన్నీ ఒకేలా ఉంటాయి, కాబట్టి సాయంత్రం నాలుగు దాటాక లోపలికి వెళ్ళొద్దు.

సమాధుల తోటలో సున్నం ఊడిన పాత ఇటుక కట్టడాలున్నాయి. వాటి మీదికి ఎక్కొద్దు, మనకీ వాటికీ మంచిది కాదు. గడ్డిలో పాములుంటాయి, బూట్లు వేసుకుని చూసి అడుగెయ్యండి. కాటు పడితే తాడు కట్టొద్దు, కోయొద్దు, నాటు మందు కోసం టైం పాడు చేయొద్దు. ఆ మనిషిని కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

బీచ్ రోడ్డు మీద నడిచేటప్పుడు కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవండి. వెళ్ళే దారి, తిరిగొచ్చే టైం ఇంట్లో చెప్పి బయల్దేరండి. ఊరు చేరగానే ఒక్కసారి ఒడ్డున పడవలు చూడండి. వేట నిషేధం వేసవిలో కదా, కార్తీకంలో పడవలు వేటకెళ్ళాలి. అవన్నీ ఇసకలో బాగా పైకి లాగేసి, తాళ్ళు బిగించి ఉంటే పక్కనున్న వాళ్ళని ఎందుకని అడగండి. వాళ్ళు వద్దంటే ఆ రోజుకి టీ తాగి, గంటస్తంభం దగ్గర పాత వీధులు చూసుకుని వెనక్కి వచ్చేయండి.