మొండి మామకు కంప్యూటర్ కొనిపెట్టడం: మూడో పాఠం

గత పాఠంలో ఒక కాగితం రాయించాం, గుర్తుందా? కంప్యూటర్ కొనబోయే మనిషి రోజూ దాని మీద ఏ పని చేస్తాడు, ఎన్ని గంటలు చేస్తాడు, ఎక్కడ పెట్టుకుంటాడు, అన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. అది చేతిలో ఉంటేనే ముందుకు చదవండి. లేకపోతే వెళ్లి రాయించుకుని రండి, తొందరేమీ లేదు.

ఈ వారం అసలు చిక్కుముడి విప్పాలి. తయారుగా ఉన్నది కొనాలా, విడిభాగాలు ఎంచుకుని దుకాణంలో బిగించుకోవాలా? మన వైపు మొదటిదాన్ని ‘కంపెనీది’ అంటారు, రెండోదాన్ని ‘అసెంబుల్డ్’ అంటారు. నేనూ అలాగే అంటాను. వీటి మధ్య తేడా నేర్చుకోవడం గంట పని. వినను గాక వినను అని కూర్చున్న పెద్దమనిషికి ఆ తేడా ఎక్కించడానికి నాకు మూడు వారాలు పట్టింది. కాబట్టి పాఠం ఎక్కువగా రెండో పని గురించే.

ఈ పాఠానికి పలక మా మేనమామ. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి, అంటే కమీషన్ దుకాణం, నడుపుతాడు. లెక్కలు రాసే పాత కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు మద్దతు ఆపేసింది. ఆ యంత్రమేమో విండోస్ 11 ఎక్కేంత కొత్తది కాదు. ఇక మార్చాల్సిందే. మామ నాకు ఫోను చేసి అన్న మొదటి మాట ఇది: “బిడ్డా, నేను కంపెనీదే కొంటాను. అసెంబుల్డ్ మాట ఎత్తితే ఫోను పెట్టేస్తాను.”

సలహా అడగడానికి చేసిన ఫోను అది!

నేను చేసిన తప్పు ముందు చెబుతాను, మీరు చేయకండి. ఆ ఆదివారమే వెళ్లి ప్రాసెసర్లు, కోర్లు, ర్యామ్ వేగాలు అంటూ అరగంట దంచాను. మామ విన్నంతసేపు విని, “అయిపోయిందా? టీ తాగు” అన్నాడు. అంతే. మొండితనానికి జవాబు చెప్పడం మొదలుపెట్టే ముందు అది ఎప్పుడు పుట్టిందో కనుక్కోవాలి. ఆ సంగతి నాకు అత్తయ్య చెప్పింది. చాలా ఏళ్ల కిందట మామ ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నాడు. బిల్లు అడిగితే దుకాణం వాళ్లు తెల్ల కాగితం మీద రాసిచ్చారు. ఆరు నెలలకు మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ తగిలించే పెద్ద పలక, పోయింది. డబ్బాను ఆటోలో పెట్టుకుని వెళితే, దుకాణం ఉన్న చోట చెప్పుల కొట్టు ఉంది.

అంటే మామ కోపం యంత్రం మీద కాదు, మాయమైపోయిన మనిషి మీద. రైతుకు, ఖరీదుదారుకు మధ్య నిలబడి మాట మీద వ్యాపారం చేసే మనిషికి అది చిన్న దెబ్బ కాదు. దానికి కోర్ల లెక్క ఏం జవాబు చెబుతుంది?

ఇంకో మొండి మనిషి కూడా ఆ గదిలో ఉంది, అది నేనే. మా ఇంట్లో మూడు కంప్యూటర్లు నా చేతులతో బిగించినవే. అసెంబుల్డ్ అంటే నాకు పక్షపాతం. సలహా ఇవ్వబోయే ముందు మీ పక్షపాతం ఏదో మీరూ ఒక మూల రాసి పెట్టుకోండి.

రెండో ఆదివారం నేను నోరు మూసుకుని వెళ్లాను. ఈసారి మామే మొదలుపెట్టాడు. మార్కెట్లో ఎవరో వాడిన కంపెనీ కంప్యూటర్ ఒకటి చవగ్గా ఇస్తామన్నారట. “ఐ7 అట! నువ్వు చెప్పింది ఐ3. మూడు పెద్దదా, ఏడు పెద్దదా?”

ఇక్కడ పాఠం కొంచెం ఆగి నేర్చుకోవాలి, ఎందుకంటే కొనేవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇదే. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ పేరులో ఐ3, ఐ5, ఐ7 అన్నది ఆ తరంలో దాని హోదా మాత్రమే. అసలు వయసు గీత తర్వాత ఉన్న అంకెల్లో ఉంటుంది. బల్ల మీద పెట్టే డెస్క్‌టాప్‌దైతే చివరి మూడంకెలు వేలితో మూసేయండి, మిగిలింది తరం. మామకు చూపించినది ఐ7-4770. మూడంకెలు మూస్తే 4. నాలుగో తరం, 2013లో వచ్చింది. నేను చెప్పినది ఐ3-12100. మూస్తే 12. పన్నెండో తరం, 2022లో వచ్చింది. రెండింటిలోనూ నాలుగేసి కోర్లే, అంటే లోపల పని చేసే విభాగాలే, ఉన్నాయి, కానీ చిన్న హోదాది పెద్ద హోదాదాన్ని దాటిపోతుంది. పైగా విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధన ప్రకారం ఇంటెల్‌లో, ఒకటీ అరా మినహాయిస్తే, ఎనిమిదో తరం నుంచే అనుమతి. ఆ ఐ7 కొంటే మామ ఇప్పుడున్న గుంటలోంచి లేచి పక్క గుంటలో కూర్చున్నట్టే. అంకెల చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ లేవని అర్థం. విడిగా కార్డు పెట్టకపోతే తెర వెలగదు. 2023 చివరి నుంచి వస్తున్న ‘కోర్ అల్ట్రా’ పేర్లకు, కొన్ని లాప్‌టాప్ ప్రాసెసర్ల పేర్లకు మాత్రం ఈ వేలి లెక్క చెల్లదు, వాటి సంగతి ఇంకో పాఠంలో చూద్దాం.

ఇదంతా మామకు ఇలాగే చెబితే మళ్లీ టీ తాగమనేవాడు. నేను ఒకటే అడిగాను. “మామా, జెండా పాట ఎంత ఉంటే నీ దగ్గరికి వచ్చిన ప్రతి రైతుకూ అంత ఇప్పిస్తావా?”

మామ నా వైపు చూశాడు. జెండా పాట అంటే పొద్దున మేలైన లాటుకు పలికే ధర. మర్నాడు పేపర్లో పడేది అదే. దాన్ని చూసి బండి కట్టుకుని వచ్చినవాళ్లలో ఎంతమందికి ఆ ధర దక్కుతుందో మామకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? “ఐ7 అన్నది జెండా పాట. నీకు చూపించిన లాటు 2013ది. పాత సరుకు.” మామ మారు మాట్లాడలేదు. కాసేపటికి కాగితం మీద 4770 అని రాసి, వేలితో మూసి, తీసి చూసుకున్నాడు.

పవర్ సప్లయి సంగతీ ఇదే దారిలో ఎక్కింది. గోడ కరెంటును లోపలి భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా ఇది, దుకాణాల వాళ్లు దీన్ని ఎస్సెంపీఎస్ అంటారు. అసెంబుల్డ్‌లో ఎక్కువ మోసం జరిగేది ఈ డబ్బా దగ్గరే, ఎందుకంటే లోపల ఏముందో ఎవరూ చూడరు. స్టిక్కరు మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని వదిలేయండి. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడి వెతకండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే 12ను 16తో గుణించండి: 192. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎక్కువగా కరెంటు లాగేది ఆ గడి నుంచే కాబట్టి మీకు నిజంగా పనికొచ్చేది ఆ 192 చుట్టూనే. “తరుగు తీశాక మిగిలిన తూకం అన్నమాట” అన్నాడు మామ. అంతకన్నా బాగా నేను చెప్పలేను. మంచి రకానికి ‘80 ప్లస్’ ముద్ర ఉంటుంది. గోడ నుంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం లోపలి భాగాలకు చేరుతుంది, మిగిలింది వేడిగా పోతుంది అని దాని అర్థం.

వేడి అంటే గుర్తొచ్చింది. ఆ రోజే అడ్తిలోని పాత డబ్బా మూత విప్పాను. ప్లగ్గు పీకి, పక్క రేకు జరిపితే లోపల అంతా ఎరుపు. ఫ్యాను రెక్కల అంచులకు మిరప ధూళి పొరలుగా పేరుకుంది. ప్రాసెసర్ మీది అల్యూమినియం రేకుల మధ్య ఒక మిరప గింజ ఇరుక్కుని, ఎండి, ఎవరో పొదిగినట్టు కూర్చుంది. దాన్ని చూసిన ఆనందంలో నోటితో ఉఫ్ఫుమని ఊదాను. తర్వాత పావుగంట నేను మనిషిని కాను. కళ్లు, ముక్కు, గొంతు అన్నీ మండిపోయాయి. మూడు వారాల్లో మామ మొదటిసారి నవ్వింది అప్పుడే. “మూతికి గుడ్డ కట్టుకోకుండా మా యార్డులోకి ఎవరు రమ్మన్నారు బిడ్డా?”

మీరు చేసేటప్పుడు డబ్బాను ఆరుబయటికి తీసుకెళ్లి, మూతికి గుడ్డ కట్టుకుని, చిన్న బ్లోయరుతో కొట్టండి. ఫ్యాను రెక్కను ఒక వేలితో పట్టుకోండి, గాలికి అది గిరగిరా తిరిగితే బేరింగు పాడవుతుంది. వరంగల్ వేసవిలో ధూళి పట్టిన ఫ్యానుతో నడిచే కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మామ ‘ముసలిదైంది’ అనుకున్న నిదానంలో కొంత ఈ ఎరుపు పనే. కాబట్టి మిర్చి, పత్తి, సిమెంటు, పిండి మర, ఇలాంటి చోట్ల పెట్టే కంప్యూటర్‌కు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మూత తీసి శుభ్రం చేస్తే వారంటీ పోతుందా? కొన్ని కంపెనీలు ఏమీ అనవు, కొన్ని సీలు వేస్తాయి. కొనకముందే అడిగి, జవాబు రాయించుకోండి.

ఇక అసలు ప్రశ్న. నా మూడు వారాల కష్టంలో పనికొచ్చింది ఇదొక్కటే, మొదటి రోజే అడగాల్సింది.

“మార్చి నెల. యార్డు నిండా బస్తాలు. పొద్దున పదింటికి కంప్యూటర్ ఆగిపోయింది. ఎవరికి ఫోను చేస్తావు మామా?”

“నీకు.”

“నేను ఆ సమయానికి హన్మకొండలో క్లాసు చెబుతుంటాను.”

“మా వాడికి.”

“వాడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నాడు.”

మామ గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా పైకప్పు వైపు చూశాడు.

అక్కడ నేను ఓడిపోయాను. అసెంబుల్డ్‌లో వారంటీ తక్కువేమీ కాదు, తరచుగా ఎక్కువే. పెట్టెతో వచ్చే ప్రాసెసర్‌కు మూడేళ్లు, మదర్‌బోర్డుకు సాధారణంగా మూడేళ్లు, ఫైళ్లు దాచుకునే ఎస్సెస్డీకి మూడో అయిదో. కానీ అవి విడివిడి కాగితాలు. ఏ భాగం పోయిందో ముందు ఎవరైనా కనిపెట్టాలి, దాన్ని ఊడదీయాలి, ఆ భాగం తయారుచేసిన వాళ్లకు పంపాలి, వచ్చేదాకా ఆగాలి. హన్మకొండలో కాదని, ధర కలిసొస్తుందని కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొంటే, ఆ ముక్క చేతపట్టుకుని మళ్లీ 130 కిలోమీటర్లు పోవాలి. ఈ తిరుగుడు మనకు సరదా. మామకు అది పోయిన బేరం. కంపెనీదానికి ఒకే కాగితం, ఒకే ఫోను. అయితే ‘ఆన్‌సైట్’ అన్న మాట ఆ కాగితం మీద ఉండాలి, అంటే మనిషి మన దగ్గరికి వస్తాడు. అది లేకపోతే మనమే మోసుకుపోవాలి. ఊరు పేరు, పిన్‌కోడ్ చెప్పి, ‘మా యార్డుకు వస్తారా’ అని అడిగి మరీ తేల్చుకోవాలి.

మామ మొదటి నుంచీ చెప్పింది సరైనదే. కారణం మాత్రం సరైంది కాదు, కొనబోయిన కంపెనీదీ సరైంది కాదు.

అదే ప్రశ్న మామ కొడుకును అడగండి, జవాబు తిరగబడుతుంది. వాడు వీడియోలు ఎడిట్ చేస్తాడు, స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకునే పుట్టినట్టు ఉంటాడు, పాడైతే రాత్రంతా కూర్చుని తనే తేలుస్తాడు. అలాంటివాడు కంపెనీది కొంటే డబ్బు దండగ. కొన్ని కంపెనీల డబ్బాల్లో మదర్‌బోర్డు, పవర్ సప్లయి వాళ్ల సొంత కొలతల్లో ఉంటాయి, బయట దొరికే భాగం అందులో కూర్చోదు. అసెంబుల్డ్‌లో వాడేవి 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతల కుటుంబానివే కాబట్టి ఈ ఏడు గ్రాఫిక్స్ కార్డు, పై ఏడు పవర్ సప్లయి అంటూ ఒక్కొక్కటే మార్చుకోవచ్చు.

ధరలు పోల్చేటప్పుడు ఒక మెలిక. కంపెనీవాటిలో చాలావాటికి అసలు విండోస్ కలిసే వస్తుంది. అసెంబుల్డ్ దుకాణంలో ‘విండోస్ ఉచితంగా వేసిస్తాం’ అంటే అది దొంగది. అసలు లైసెన్సు ధర కలిపాకే రెండింటినీ పక్కపక్కన పెట్టండి. బిల్లు ఏదైనా పక్కాగా ఉండాలి, 18 శాతం జీఎస్టీ విడిగా కనిపించాలి, ప్రతి భాగం సీరియల్ నంబరు ఉండాలి. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారులు తమ నంబరు వేయించుకుని, పన్ను సర్దుబాటు తమకు వర్తిస్తుందా అని లెక్కలు చూసే ఆయనను అడగాలి. కరెంటు పోతే కాసేపు కంప్యూటర్‌ను నడిపే యూపీఎస్ సంగతి తర్వాత వివరంగా చెబుతాను. ప్రస్తుతానికి లేజర్ ప్రింటరును దానికి తగిలించకండి, చాలు.

మూడో ఆదివారం దుకాణానికి మామతో నేనూ వెళ్లాను, కానీ మాట్లాడే అవసరం రాలేదు. కుర్రాడు ఒక డబ్బా చూపించి ‘ఐ5 సార్’ అన్నాడు. మామ కళ్లద్దాలు పెట్టుకుని, స్టిక్కరు మీద చివరి మూడంకెలు బొటనవేలితో మూశాడు. తర్వాత మిర్చి బస్తా నడుమ చెయ్యి పెట్టి నమూనా తీసేటప్పుడు కూర్చునే తీరులోనే గొంతుక్కూర్చుని అన్నాడు: “మూత తీసి చూపించు బాబూ.”

వచ్చే పాఠానికి మీ పని ఇది. మీ ఇంట్లోని కంప్యూటర్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ‘పెర్ఫార్మెన్స్’ దగ్గరికి వెళ్లి, సీపీయూ మీద నొక్కి ప్రాసెసర్ పూర్తి పేరు రాసుకోండి, ఇంటెల్ డెస్క్‌టాప్‌దైతే మూడంకెలు మూసి తరం కనిపెట్టండి. తర్వాత ‘మెమరీ’ మీద నొక్కి, ర్యామ్ ముక్కలు గుచ్చే స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని నిండాయో రాసుకోండి. రెండింటిలో ఒకటే నిండి ఉంటే ఆ కాగితం పారేయకండి. వచ్చేవారం కొటేషన్‌ను వరుసకు వరుస చదవడం దాంతోనే మొదలుపెడతాం.