పోలీసు ఫిర్యాదు ఇచ్చే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

స్టేషన్‌కు బయలుదేరే ముందే ఫిర్యాదును కాగితంపై రాసుకుని, మీరు కళ్లారా చూసినదేదో, ఇతరులు చెప్పగా విన్నదేదో, కేవలం అనుమానిస్తున్నదేదో విడివిడిగా పేర్కొనండి. పోయిన సొమ్మును పెంచి రాయడం, గొడవ జరిగిన చోట లేని బంధువుల పేర్లను కూడా చేర్చడం కొందరికి మామూలైపోయింది కానీ, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న, నేరాలకు శిక్షలను నిర్ణయించే చట్టమైన భారతీయ న్యాయ సంహితలోని 217వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వోద్యోగి తన అధికారంతో మరొకరికి హాని కలిగించేలా చేయాలని, అబద్ధమని తెలిసీ సమాచారం ఇచ్చినవారికి ఏడాది వరకు జైలు గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. హాని తలపెట్టి, న్యాయమైన ఆధారం లేదని తెలిసీ ఒకరిపై నేరం మోపితే 248వ సెక్షన్ కింద జైలుశిక్ష 5 ఏళ్ల వరకు ఉండవచ్చు. మోపినది మరణశిక్ష పడదగిన నేరమై, దానిపై కేసు నడిచి ఉంటే అది 10 ఏళ్ల వరకు పెరుగుతుంది.

నిజమని నమ్మి ఇచ్చిన ఫిర్యాదు రుజువు కానంత మాత్రాన ఈ సెక్షన్లు వర్తించవు కనుక, నిజమైన బాధితులు వెనుకాడనక్కరలేదు.

నోటిమాటగా చెబితే, పోలీసులు రాసుకున్నది చదివించుకుని విన్న తరువాతే సంతకం చేయండి. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోగా సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగానే ఇవ్వాలి, అడిగి తీసుకోండి.