ఇంటి బడి – 3: ఆరు వారాల చదువు, ఒక వారం సెలవు

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించేవాళ్ల కోసం రాస్తున్న వరసలో ఇది మూడో భాగం. పోయిన భాగంలో ఈ ఏడాది పిల్లవాడికి ఏమేం రావాలో రాసుకున్నాం. ఆ కాగితం కాసేపు పక్కన పెట్టి గోడ క్యాలెండర్ కిందికి దించండి. తిథులు, పండగలు వేసిన తెలుగు క్యాలెండరే కావాలి. ఫోన్‌లో అయితే నెల తర్వాత నెల కనిపిస్తుంది. మనకు ఏడాదంతా ఒకేసారి కళ్ల ముందు ఉండాలి. ఉగాదికి కొన్న పంచాంగం ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. పరాభవ నామ సంవత్సరం 2027 ఏప్రిల్ దాకా నడుస్తుంది కాబట్టి మన చదువు ఏడాది మొత్తం అందులోకి వచ్చేస్తుంది. చేతిలో పెన్సిల్, రబ్బరు ఉంచుకోండి. పెన్నుతో ఇప్పుడు పని లేదు.

రెండు రాష్ట్రాల్లోనూ బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. పక్కింటి పిల్లలు బ్యాగులు తగిలించుకునే రోజుల్లోనే మనమూ మొదలుపెడితే పిల్లవాడికి తేడా అనిపించదు. 2026 జూన్ 15 సోమవారం, అక్కణ్ణుంచి లెక్కేద్దాం.

పద్ధతి చిన్నది. వారానికి నాలుగు రోజులు పాఠాలు. ఆరు వారాలు చదివాక ఒక వారం పూర్తిగా సెలవు. ఆరే ఎందుకంటే, ఐదో వారం దాటేసరికి పిల్లవాడికి విసుగు, చెప్పేవాళ్లకు గొంతు, రెండూ పెరుగుతాయి. అవి ముదరకముందే ఆపాలి. చిన్న పిల్లలకు నాలుగు వారాలకే ఆపినా ఫర్వాలేదు. ఎనిమిది మాత్రం వద్దంటాను.

ఇప్పుడు పండగలు చూడండి. కిందటేడు వేసుకున్న ప్లాన్ ఈ ఏడాదికి పనికిరాదు. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది, 2026లో అక్టోబర్ 20న వస్తోంది. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం, అంటే ఒక నెల అదనంగా వచ్చింది కాబట్టి దాని తర్వాతి పండగలన్నీ ఆలస్యంగా వస్తున్నాయి. వినాయక చవితి కూడా ఆగస్టు 27 నుంచి సెప్టెంబర్ 14కు పోయింది. అందుకే ముందు పండగల చుట్టూ గీత గీసి, ఆ తర్వాతే వారాలు లెక్కపెట్టాలి.

జూన్ 15 నుంచి ఆరు వారాలు చదివితే జూలై 27 వారం సెలవు. ఆగస్టు 3 నుంచి మళ్లీ ఆరు వారాలు వేస్తే, సెలవు సరిగ్గా సెప్టెంబర్ 14 వారంలో పడుతుంది. చవితి ఆ సోమవారమే. ఇలా కలిసొచ్చినప్పుడు కళ్లు మూసుకుని తీసుకోండి. తర్వాత మాత్రం ఆరు కుదరదు. సెప్టెంబర్ 21 నుంచి నాలుగు వారాలకే దసరా వచ్చేస్తుంది. అక్టోబర్ 19 వారం సెలవు. తెలంగాణ వాళ్లకు దానికి ముందు వారమంతా బతుకమ్మ సందడే. ఆ వారం పొద్దున పూట లెక్కలు, తెలుగు చూసుకుని పుస్తకాలు మూసేయండి. సాయంత్రం పూలు కోసుకొచ్చే పిల్లని కూర్చోబెట్టి సైన్స్ చెప్తే ఎవరికీ ఎక్కదు.

అక్టోబర్ 26 నుంచి ఆరు వారాలు, డిసెంబర్ 7 వారం సెలవు. డిసెంబర్ 14 నుంచి నాలుగు వారాలే, ఎందుకంటే జనవరి 11 వారం సంక్రాంతిది. అందులో వేరే మాట లేదు. జనవరి 18 నుంచి ఆరు, మార్చి 1 వారం సెలవు, మార్చి 8 నుంచి నాలుగు. ఏప్రిల్ 2కల్లా చదువు అయిపోతుంది, 7న ఉగాది. మొత్తం కూడితే 36 వారాల చదువు, 6 వారాల సెలవు, ఎండాకాలానికి 10 వారాలు. నన్నడిగితే పది వారాలు మరీ ఎక్కువ. అందులో మొదటి రెండు వారాలను జ్వరాలకు, ఊరి పెళ్లిళ్లకు పోయిన పాఠాల కోసం అట్టే పెట్టుకోండి.

36 వారాలు, వారానికి నాలుగు రోజులంటే 144 రోజులు. ఇక్కడే ఇంట్లో పెద్దవాళ్లు అడ్డం పడతారు: "బడికి పంపరు సరే, మళ్లీ ఇన్ని సెలవులా?" అని. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 220 పనిదినాలు, 1000 గంటల బోధన అంటుంది. ఒకటి నుంచి ఐదుకు 200 రోజులు, 800 గంటలు. అది బడికి పెట్టిన లెక్క. హాజరు పిలవడం, నలభై నోటుబుక్కులు దిద్దడం, అల్లరి సర్దడం అన్నీ ఆ గంటల్లోనే జరగాలి. ఇంట్లో ఒక్క పిల్లవాడి ఎదురుగా కూర్చున్నప్పుడు గంటలు కాదు, పాఠం వచ్చిందా లేదా చూసుకోవాలి.

అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం ముందు తమ రాష్ట్రం రూలు చదువుకోండి. డాలస్‌లో ఉంటే టెక్సస్ రోజుల లెక్క అడగదు. అట్లాంటా అయితే జార్జియా చట్టం ఏడాదికి 180 రోజులు, రోజుకు కనీసం నాలుగున్నర గంటలు చదువు ఉండాలంటుంది. వారానికి నాలుగు రోజుల చొప్పున అయితే 45 వారాలు కావాలి. మధ్య సెలవులు కలిపేసరికి 52 నిండిపోయి ఎండాకాలమే మిగలదు. అక్కడివాళ్లు ఐదో రోజును కూడా లైబ్రరీ, ప్రయోగాలు, ప్రాజెక్టులతో నిండు చదువు రోజుగా చేసి లెక్కలో రాసుకోవాలి.

ఆ ఐదో రోజు సంగతి. దాన్ని ఖాళీ రోజు అందాం. చాలామంది శుక్రవారం పెట్టుకుంటారు, శని ఆదివారాలతో కలిసొస్తుందని. హైదరాబాద్‌లో శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం మూత. సోమవారం అనుకుంటే జూపార్కు మూత. పదేళ్ల లోపు పిల్లలకైతే నేను బుధవారానికే ఓటేస్తాను. రెండు రోజులు చదువు, ఒక రోజు గాలి, మళ్లీ రెండు రోజులు. బయట ఎక్కడికెళ్లినా జనం తక్కువ.

ఖాళీ రోజుకు ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. అది వారంలో ఎటైనా జరుగుతుంది. శ్రావణ శుక్రవారం అమ్మకు తీరిక ఉండదు. ఆ వారం ఖాళీ రోజు శుక్రవారానికి మారుతుంది, బుధవారం పాఠం జరుగుతుంది. అక్టోబర్ 2 శుక్రవారం, దీపావళి మర్నాడు సోమవారం, అన్నీ ఇలాగే. నాలుగు పాఠాలు ఎప్పుడూ తగ్గవు, అయ్యో మిస్సయిందే అన్న టెన్షన్ ఉండదు.

ఇప్పుడు పక్కన పెట్టిన కాగితం తీయండి. ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ) ఆరో తరగతి కొత్త లెక్కల పుస్తకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 10 అధ్యాయాలు. 36ని 10తో భాగిస్తే మూడున్నర వారాల పైచిలుకు వస్తుంది కానీ అలా పంచకూడదు. మొదట ప్రతి విడతలోనూ, అంటే ఒక సెలవు నుంచి ఇంకో సెలవు దాకా చదివే వారాల్లో, చివరి వారాన్ని రివిజన్‌కు తీసేయండి. ఏడు విడతలున్నాయి, ఏడు వారాలు పోతే మిగిలేది 29. విడతలవారీగా చూస్తే 5, 5, 3, 5, 3, 5, 3.

మొదటి విడతలో సంఖ్యల అమరికలకు రెండు, రేఖలు, కోణాలకు మూడు. రెండో దాంట్లో సంఖ్యలతో ఆటలకు మూడు, దత్తాంశాలకు రెండు. మూడో దాంట్లో ప్రధాన సంఖ్యలు ఒక్కటే. ఇక్కడిదాకా పుస్తకం వరసే. తర్వాత చుట్టుకొలత, వైశాల్యం, ఆపైన భిన్నాలు ఉన్నాయి. ఈ వరసలోనే పోతే భిన్నాలు రెండు వారాలు జరిగాక డిసెంబర్ సెలవు వచ్చి పడుతుంది. హారాలు వేరుగా ఉన్న భిన్నాలను కూడడం అప్పుడప్పుడే పట్టుబడుతున్న పిల్లవాడు సెలవు తర్వాత మళ్లీ లవాలూ హారాలూ కలిపి కూడేస్తాడు. అందుకని ఈ రెండు అధ్యాయాలను తారుమారు చేద్దాం: నాలుగో విడత ఐదు వారాలూ భిన్నాలకే, చుట్టుకొలత సంక్రాంతి ముందు మూడు వారాల్లో. ఆరో దాంట్లో జామెట్రీ బాక్సుతో గీసే పటాలకు రెండు, సౌష్ఠవానికి రెండు. మిగిలిన ఒక వారంలో రుణ సంఖ్యలు మొదలు. అవి చివరి విడతలో మూడు వారాలు సాగుతాయి. మధ్యలో సెలవు పడుతుంది, నిజమే. ఆ మొదటి వారం లిఫ్టులో నేల కింది అంతస్తుల దాకా దిగడం, ఎక్కడంతో సరిపెడితే నష్టం ఉండదు.

సెలవు వారంలోకి మిగిలిపోయిన పాఠాలు తోయకండి. ఈ ప్లాన్ చెడిపోయేది ఎక్కువగా అక్కడే. ఒకసారి తోస్తే పిల్లవాడికి సెలవు మీద నమ్మకం పోతుంది, ఆరో వారంలో ఇక చేతులు ఆడవు. మిగిలినవి రివిజన్ వారంలో పట్టినన్ని పట్టాలి, పట్టనివి ఏప్రిల్‌కు పోవాలి.

సెలవయ్యాక సోమవారం కొత్త పాఠం తెరవద్దు. తెల్లకాగితం ఇచ్చి, పోయిన విడతలో గుర్తున్నవన్నీ పుస్తకం చూడకుండా రాయమనండి, బొమ్మలు వేసినా సరే. రాయలేనివి ఏమిటో చూసి ఆ రోజు అవే చెప్పండి.

పద్నాలుగేళ్లు నిండి ఎన్‌ఐఓఎస్ (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్) పదో తరగతి పరీక్షలు రాయబోయే పిల్లలకు విడతలను పరీక్షల నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. పబ్లిక్ పరీక్షలు ఏప్రిల్–మేలో ఒకసారి, అక్టోబర్–నవంబర్‌లో ఒకసారి ఉంటాయి. అది వేరే భాగంలో చూద్దాం.

ఈ వారం పని: మీ క్యాలెండర్‌లో పండగలు, ఊరి జాతర, దగ్గరి పెళ్లిళ్లు ముందు గుర్తుపెట్టి, తర్వాత 36 వారాలకు ఒకటి నుంచి అంకెలు వేయండి. ఒక్క సబ్జెక్టుకే వారాలు పంచండి, అదీ పిల్లవాడికి బాగా కష్టమైనదానికి. మిగతావి వచ్చే భాగంలో, రోజువారీ టైమ్‌టేబుల్‌తో కలిపి వేద్దాం.